మామగారి ట్రాక్టరు, నా గ్రాఫిక్స్ కార్డు

మా మామగారికి నచ్చనిదంటూ మా ఇంట్లో ఏదీ లేదు. మా ఇబ్బందంతా అక్కడే వచ్చింది.

ఉప్పు వెయ్యడం మర్చిపోయిన పప్పు పెట్టినా "బ్రహ్మాండంగా ఉందండీ" అంటారు. ఫ్యాను ఆగిపోయి చెమటలు కారుతున్నా "గాలికేం లోటు లేదండీ" అంటారు. ఒకసారి మా ఆవిడ కంగారులో చల్లారిపోయిన కాఫీ ఇచ్చి, గంట తర్వాత నాలిక్కరుచుకుని "అయ్యో నాన్నా, చల్లగా ఉందేమో" అంటే, "కాఫీ అంటే అదమ్మా" అన్నారు. అంత మొహమాటం మనిషిని నేను నా జన్మలో చూడలేదు.

మోకాలి ఆపరేషన్ అయ్యాక పెనుగొండ దగ్గరున్న వాళ్ళ ఊరి నుంచి రాజమండ్రిలో మా ఇంటికొచ్చారాయన. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. కూతురింట్లో గ్లాసుడు మంచినీళ్ళు తాగడానికి కూడా ఆలోచించే కాలం మనిషి, ఇప్పుడు మంచంతో సహా వచ్చి ఉండాల్సొచ్చింది. నేను గదిలోకి అడుగు పెడితే చాలు, ఆపరేషనైన కాలితో లేచి నిలబడబోయేవారు. "కూర్చోండి మామగారూ" అంటే "ఆయ్, కూర్చున్నానండీ" అంటూనే సగం లేచేవారు. ఆయన మోకాలి మీద జాలేసి నేనా గదిలోకి వెళ్ళడమే తగ్గించేశాను.

డాక్టరు చెప్పింది ఒక్కటే మాట. నడవాలి. రోజూ నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుంది, అప్పుడు ఆపరేషన్ చేసి కూడా దండగ. మా ఆవిడ వరండాలో ఇటు చివర నుంచి అటు చివరకి ఒక రౌండని లెక్కేసి, రోజుకి ఇరవై రౌండ్లు అని తీర్మానించింది. ఆయన రెండు రౌండ్లు నడిచి కూర్చునేవారు. అడిగితే కూతురితో ఒక్కటే మాట అన్నారట. "నడిచి ఇప్పుడెక్కడికెళ్ళాలమ్మా?"

ఆ మాటకి మా ఆవిడ వంటింట్లోకొచ్చి ఏడ్చింది. నిజమే మరి. చేలు కౌలుకిచ్చేశారు, ముప్పై ఏళ్ళు తోలిన ట్రాక్టరు అమ్మేశారు. పొద్దున్నే లేచి వెళ్ళాల్సిన చోటంటూ ఆయనకి లేదు.

ఆయనకిచ్చిన గదిలోనే మా కంప్యూటర్ ఉంటుంది. పదేళ్ళ నాటి ముసలి సరుకు. అందులో ఉన్న గ్రాఫిక్స్ కార్డు మాత్రం నా ముద్దుల బిడ్డ. తెర మీద కదిలే ప్రతి బొమ్మనీ గీసిపెట్టే పలక అది, దానికి సొంత బుర్ర, సొంత ఫ్యాన్లు రెండు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆదివారాలు మాత్రం ట్రాక్టర్ తోలతాను, అంటే కంప్యూటర్లో. పొలం దున్ని, విత్తి, కోసుకునే ఆట ఒకటుంది. వ్యవసాయం తెలియని మాస్టారు వ్యవసాయం చేసుకోవడానికి అంతకంటే సురక్షితమైన చోటు లేదు.

ఒక ఆదివారం నేను దున్నుతుంటే వెనక మంచం మీంచి "త్చ్" అని వినిపించింది. తిరిగి చూశాను. మామగారు కిటికీ వైపు చూస్తున్నారు. మళ్ళీ దున్నాను. మళ్ళీ "త్చ్". మూడోసారి నేనే మౌసు ఆయన చేతిలో పెట్టాను.

"అబ్బే, నాకెందుకండీ."

"ఊరికే పట్టుకోండి."

పట్టుకున్నారు. పావుగంట తడబడ్డారు. ఆ తర్వాత చాళ్ళు దారం పట్టి గీసినట్టొచ్చాయి. నేను మూడు నెలలు ఆడినా రాని చాళ్ళు! అది ఎక్కడో విదేశాల్లో గోధుమ పండించే పొలం. గట్టు లేదు, కాలవ లేదు, పలకరించడానికి పక్క చేను ఆసామీ లేడు. ఆయన తెరంతా వెతికి, ఎంతో మర్యాదగా అడిగారు. "నీళ్ళెప్పుడొదుల్తారండీ?"

మా ఆవిడ మహా తెలివైంది. మర్నాడే రూలు పెట్టింది. పొద్దున్న ఇరవై రౌండ్లు నడిస్తేనే ట్రాక్టరు. అంతే! నేను కాలేజీకి బయల్దేరే వేళకి వరండాలో చేతికర్ర టకటకలాడేది. వారం తిరక్కుండా రౌండ్లు పాతికకెక్కాయి. ఆయనకిప్పుడు వెళ్ళాల్సిన చోటొకటి దొరికింది, అది వరండా చివరి గదిలోనే ఉన్నా సరే. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే, నా కార్డు ఇన్నాళ్ళకి ఒక మంచి పనికొచ్చిందని.

నెల గడిచాక మా ఆవిడ చెప్పింది, "నాన్నకి కళ్ళు లాగుతున్నాయంట."

ఆయన భాష నాకప్పటికి కాస్త అర్థమైంది. కళ్ళు లాగడమంటే బొమ్మ ఆగి ఆగి వస్తోందని. వెళ్ళి చూస్తే నిజమే, ట్రాక్టరు నత్తనడక నడుస్తోంది, కోత మిషను ఎక్కితే ఎక్కిళ్ళే. "ఇలా ఉంటే చెప్పలేదేంటి మామగారూ?" అంటే, "ఏం లేదండీ, బండి కూడా మనిషిలాంటిదే కదా, దాని ఓపిక దానిది" అన్నారు.

ఇక నాలోని ఫిజిక్స్ మాస్టారు చొక్కా చేతులు మడతపెట్టాడు. ఓవర్‌క్లాకింగ్ అని ఒక విద్య ఉంది. ఇంత వేగంతో పరిగెత్తు అని తయారుచేసినవాడు చెప్పి పంపిన కార్డుని, ఇంకాస్త పరిగెత్తవే అని మనం అదిలించడం. దానికో చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. అందులో ఒక గీత, గీత మీద ఒక మీట. మీటని కుడివైపుకి జరిపితే కార్డు వేగం పెరుగుతుంది. ఆ మీటని చూస్తే నా చెయ్యి ఆగదు, ఏం చెయ్యను.

మొదటి రోజు కొంచెం జరిపాను. ట్రాక్టరు చక్కగా పరిగెత్తింది. రెండో రోజు ఇంకొంచెం. మూడో రోజు స్టాఫ్ రూములో కెమిస్ట్రీ ఆయన్ని కూర్చోబెట్టి, పాత కంప్యూటర్‌కి యవ్వనం తెప్పించడమెలాగో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. పాపం, ఆయన చేతిలో క్యారేజీ మూత కూడా తియ్యలేదు.

"ఎలా ఉందండీ ఇప్పుడు?" అని సాయంత్రం అడిగితే మామగారిది ఎప్పుడూ ఒకటే సమాధానం. "బ్రహ్మాండంగా ఉందండీ."

నేను కాలరెగరేశాను. పప్పు గురించి కూడా ఆయన అదే మాటన్నారన్న సంగతి నాకు గుర్తు రాలేదు.

కాలేజీకి సెలవొచ్చిన ఒక రోజు, బజారు పని ముగించుకుని పదింటికల్లా ఇంటికొచ్చాను. గదిలో మామగారు కుర్చీలో కూర్చున్నారు. ఒళ్ళో చేతులు. ఎదురుగా తెర నల్లగా ఉంది, దీపం ఆరిపోయినట్టు. ఆయన ఆ నల్ల తెరకేసి ఎంతో ఓర్పుగా చూస్తున్నారు.

"ఏమైందండీ?"

సగం లేచారు. "ఏం కాలేదండీ. కాస్త అలిసింది. సేద తీరుతోంది."

"ఎంతసేపయింది?"

"ఎంతోసేపు కాలేదండీ. అరగంట ఉంటుందేమో."

నాకు చివుక్కుమంది. విషయమేంటంటే, నేను వేగం పెంచినప్పట్నుంచీ కంప్యూటరు పది నిమిషాలు మహా జోరుగా పరిగెత్తి, వేడెక్కి చతికిలబడుతోంది. అలా రోజుకి ఆరేడుసార్లు. అల్లుడుగారు ముచ్చటపడి ఏదో చేస్తున్నారు, బాగాలేదంటే నొచ్చుకుంటారేమోనని ఆయన పెదవి విప్పలేదు. ట్రాక్టరు ఎప్పుడాగుతుందో తెలియనప్పుడు దానికోసం నడవడమెందుకు? పాతిక రౌండ్లు పదిహేనయ్యాయని, నిన్న ఎనిమిదేనని మా ఆవిడ ఆ పూటే చెప్పింది. మెట్టు దిగేటప్పుడు ఆయన మళ్ళీ గోడ పట్టుకుంటున్నారని కూడా చెప్పింది.

తెలివున్నవాడైతే మీటని వెనక్కి జరిపేవాడు. నేను కార్డుమీది ఫ్యాన్లని పూర్తి వేగానికి పెట్టాను. గది రైసు మిల్లయింది. అయినా వేడి తగ్గలేదు, తొంభై డిగ్రీల దాకా ఎక్కుతోంది. కంప్యూటర్ క్యాబినెట్ పక్క తలుపు విప్పి, హాల్లో ఉన్న నిలువు ఫ్యాన్ని తెచ్చి దానిమీదికి తిప్పాను. మాకు గాలి లేదు, కంప్యూటర్‌కి తుఫాను. అయినా చూద్దామని మీట ఇంకాస్త జరిపాను. గోధుమ చేల మీద ఆకుపచ్చ పెంకులు పరిచినట్టు గళ్ళు గళ్ళు లేచాయి, తెర ఒక్కసారి వణికింది, ఆరిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా మళ్ళీ వెలగలేదు.

అంత పాత కంప్యూటర్‌కి సరిపోయే కార్డు ఇప్పుడెక్కడా దొరకదు. తలుపు దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది.

అప్పుడు మంచం మీంచి చిన్న దగ్గు వినిపించింది.

"ఏమీ అనుకోనంటే ఒక్క మాటండీ, అల్లుడుగారూ."

"చెప్పండి."

"మీకు తెలీందేం కాదు. మా ట్రాక్టరు బురద చేలో దమ్ము చేసేటప్పుడు ఇలాగే వేడెక్కేదండీ. మా పాలేరు కుర్రోడు బండి లాగట్లేదని పంపు తిప్పి డీజిలెక్కువ వదిలేవోడు. నల్ల పొగ కక్కి, రెండు చాళ్ళు పరిగెత్తి, ఆగిపోయేదండీ. పంపు జోలికి పోకముందు రేడియేటర్ ముందున్న జాలీ చూడాలండి. గడ్డీ గాదం పట్టేస్తుందందులో. గాలాడదు." క్యాబినెట్ వైపు చూశారు. "దీనికీ అలాంటిదేమైనా ఉంటుందేమోనని."

పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకి వేడి ఎలా ప్రయాణిస్తుందో చెబుతున్నాను. బోర్డు మీద బాణాలు గీసి మరీ చెబుతున్నాను. గాలి ఆడకపోతే వేడి పోదన్న ముక్క నాకు తట్టలేదు!

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదండీ?"

"మీరు ఫిజిక్స్ చెప్పేవారు. మీకు నేను చెప్పడమేంటండీ, తప్పు కదూ."

కార్డు విప్పి బయటికి తీశాను. ఫ్యాన్ల వెనక సన్నటి రేకుల వరసలుంటాయి, వేడి పోయేది వాటి సందుల్లోంచే. ఆ సందులు కనబడటం లేదు. బూడిదరంగు దుప్పటి ఒకటి దట్టంగా అల్లుకుపోయి ఉంది. గోటితో లాగితే మెత్తగా, జిగురుగా ఊడొచ్చింది. దూది. మామగారి పరుపు బూరుగు దూది పరుపు, ఊరి నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్నది. దూది సరే, ఈ జిగురేంటి? ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను.

"ఇదేంటి, గంధం వాసనొస్తోంది?"

మా ఆవిడ లోపలికొచ్చి చూసి, మామూలుగా అనేసింది. "నాన్న రోజూ అగరొత్తి వెలిగిస్తారుగా. మీకు తెలీదా?"

నాకెలా తెలుస్తుంది? పక్కనే దేవుడి గది, వాసన అక్కడిదే అనుకున్నాను. ముప్పై ఏళ్ళు ట్రాక్టర్ ఎక్కేముందు బానెట్ మీద అగరొత్తి గుచ్చి దండం పెట్టుకున్న మనిషి, ఇక్కడా అదే చేశారు. నేను కాలేజీకెళ్ళాక, ఇరవై రౌండ్లు నడిచొచ్చి, క్యాబినెట్ ముందు సరిగ్గా గాలి పీల్చే కన్నాల దగ్గర అగరొత్తి వెలిగించి, అప్పుడు మౌసు పట్టుకునేవారు. ఆ పొగంతా కంప్యూటరే పీల్చుకుంది. పొగ జిగురుకి దూది అంటుకుంది. నా నిలువు ఫ్యాను ఇంకింత దూదిని ఎగదోసింది.

మామగారి మొహం చూశాను. చూడకుండా ఉండాల్సింది. తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా మంచం అంచున కూర్చున్నారు. "నేనే పాడుచేశానన్నమాట," అన్నారు.

పెయింటు బ్రష్షుతో సందు సందూ దులిపాను. చిప్పు నుంచి రేకులకి వేడి అందించే తెల్ల పూత ఎండిపోయి ఉంటే, అది గోకి కొత్త పూత రాశాను. కార్డు మళ్ళీ బిగించి బటన్ నొక్కాను. వెలిగింది! కార్డు తయారుచేసినవాడు పెట్టిన చోటికే మీటని జరిపాను. అరగంట కోత కోసినా అరవై ఎనిమిది డిగ్రీలు దాటలేదు, ఎక్కిళ్ళు లేవు. ఓవర్‌క్లాకింగూ లేదు, నా మొహమూ లేదు. దులిపితే సరిపోయేదానికి నెల రోజులు దాన్ని పరిగెత్తించి చంపబోయాను.

కానీ మామగారు కుర్చీ దగ్గరికి రాలేదు.

"రండి మామగారూ, బ్రహ్మాండంగా ఉంది" అన్నాను, ఈసారి నేను.

"ఎందుకండీ, మళ్ళీ ఏదో చేస్తాను. మీ వస్తువు మీరు జాగ్రత్తగా చూసుకోండి."

మొదటి రోజు నాలుగు రౌండ్లు నడిచారు. రెండో రోజు నడవలేదు. మూడో రోజు కాఫీ కూడా మంచం దగ్గరికే తెప్పించుకోవాల్సొచ్చింది. మొహమాటం మనిషికి అదెంత కష్టమో ఆయన మొహంలోనే కనబడింది. వంటింట్లో మా ఆవిడ గరిట పక్కన పెట్టి నన్ను నిలదీసింది. "మిషన్ బాగుచేశారు, సంతోషం. మనిషినేం చేస్తారు?"

మర్నాడు సెలవు పెట్టాను. కాలేజీలో కడుపునొప్పి అని చెప్పాను. పొద్దున్నే ఆయన గదిలోకెళ్ళి, లేవబోతున్న ఆయన్ని చూడనట్టు కంప్యూటర్ ముందు కూర్చుని కోత మొదలెట్టాను. పండిన చేను. కోత మిషన్ని అడ్డంగా తోలాను. ఒక చాలు కోసి రెండు చాళ్ళు వదిలేశాను. గింజ నిండిన తొట్టిని లారీలో కాకుండా గట్టు లేని ఆ చేలోనే ఒంపేశాను. కావాలని చేశానని చెప్పుకోవడం నాకు గౌరవం. సగమే కావాలని చేశాను.

"త్చ్."

వెనక్కి తిరగలేదు. ఇంకో తొట్టి ఒంపాను.

"అయ్యయ్యో," అన్నారాయన. "త్చ్, త్చ్."

అప్పుడు కుర్చీ తిప్పి కూర్చున్నాను. "మామగారూ, ఒక్క మాటండీ. ఇందులో మీ తప్పు పొగ వరకే. మీట తిప్పింది నేను, ఫ్యాను పెట్టి దూది ఎగదోసింది నేను. అసలు జబ్బేంటో కనిపెట్టింది మీరు. మీరు ఆ రోజు నోరు విప్పి చెప్పకపోతే దీన్ని నేనే కాల్చేసేవాణ్ణి."

ఆయన నేల చూపులు చూస్తున్నారు.

"మీరు అగరొత్తి మానక్కర్లేదు కూడా. చూడండి, ఇది ముందు నుంచి గాలి పీలుస్తుంది, వెనక నుంచి వదిలేస్తుంది." అగరొత్తి స్టాండు తీసుకెళ్ళి క్యాబినెట్ వెనక, కిటికీ గట్టు మీద పెట్టాను. "ఇక్కడ వెలిగించారనుకోండి, పొగ బయటికే పోతుంది."

తలెత్తి స్టాండు వైపు చూశారు. "అంటే, సైలెన్సర్ వైపన్నమాట."

"ఆయ్," అన్నాను.

ఆయనకి నవ్వొచ్చింది. ఆ నవ్వు మా ఆవిడ చెవిన పడింది. "ముందు రౌండ్లు!" అని వంటింట్లోంచి కేక పెట్టింది. కర్ర అందుకున్నారు. వరండాలో టకటకలు మొదలయ్యాయి. నేను కుర్చీలోనే కూర్చుని ఒకటీ రెండూ మూడూ అని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఇరవై దాటాక నా కళ్ళు తుడుచుకోవాల్సొచ్చింది.

అక్కడితో కథ సుఖాంతమని నేనూ అనుకున్నాను. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? జాలీ శుభ్రంగా ఉంది, వేడి లేదు, మీట నన్ను చూస్తోంది. మొన్న ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు కొంచెం, నిజంగా కొంచెమే, కుడివైపుకి జరిపాను. ఎవరికీ చెప్పలేదు.

సోమవారం సాయంత్రం కాలేజీ నుంచొచ్చి చెప్పులు విప్పుతున్నాను. గదిలోంచి కేక వినబడింది.

"అల్లుడుగారూ! ఒకసారిలా రండి!"

మామగారు కేకెయ్యడమా? ఆయన కిందపడ్డారేమోనని ఒక కాలి చెప్పుతోనే పరిగెత్తాను. కుర్చీలో దిలాసాగా కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవబోలేదు.

"దీన్నెవరు ముట్టుకున్నారండీ?"

"నేనేనండీ. కొంచెం..."

"కొంచెమేంటండీ? సౌండు మారిపోతేను! బండి తోలేవాణ్ణి ఒక్క మాట అడగాలా వద్దా?"

"తప్పేనండీ," అన్నాను.

వంగి, ఆయన చూస్తుండగా మీటని వెనక్కి జరిపాను. ఇంకా వెనక్కి అన్నట్టు వేలితో చూపించారు. ఇంకా జరిపాను. ఫ్యాన్ల రొద తగ్గాక తల ఊపి, మళ్ళీ తెర వైపు తిరిగారు. బతికిపోయాననుకుని బయటికి నడిచాను.

"అన్నట్టు, అమ్మాయితో చెప్పండి," వెనక నుంచి మళ్ళీ ఆయన గొంతు. "కాఫీలో పంచదార చాలట్లేదండీ."

"ఇవాళా?"

"నేనొచ్చిన నాలుగు నెలల్నించీ."

నేను వంటింట్లోకి వెళ్ళి, పంచదార డబ్బాని అలాగే తెచ్చి ఆయన మౌసు పక్కన పెట్టాను.